సందేహించడం మానేసిన చిలక

పోయిన వారం లెక్కలమ్మను వాళ్ల అక్క ఇంటి గుమ్మం ముందు వదిలేసి వచ్చాం. తలుపుకి తాళం వేసి ఉంది. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు ఖాళీ. ఎదురింటావిడ తల బయటపెట్టి, "వాళ్లు లేరమ్మా. పెద్దావిణ్ణి కూడా తీసుకెళ్లిపోయారు. మంచాలు తప్ప అన్నీ సర్దుకెళ్లినట్టున్నారు. నీకు చెప్పలేదా?" అని అడిగింది.

చెప్పలేదు. పొద్దున లేచి పళ్లు తోముకునే ముందే చెల్లెలికి ఫోన్ చేసే అక్క, ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ ఒక్క మాట చెప్పలేదు.

అక్క చెప్పకపోవడం ఒక ఎత్తు. బావ చెప్పకపోవడం మరో ఎత్తు. ఎందుకంటే ఆ వీధికి ఏ భయమూ లేదని సంతకం పెట్టింది ఆయనే.

ఊరి కింద రైలు కోసం సొరంగం తవ్వుతున్నారు. ఆ సాయంత్రానికల్లా తవ్వే యంత్రం అక్క వాళ్లుండే పాత వీధి కిందికి చేరుతుంది. ఆ వీధి ఉన్నచోట ఒకప్పుడు కాలవ పారేది. ఎప్పుడో పూడ్చేసి ఇళ్లు కట్టేశారు. పూడ్చిన మెత్తటి మట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. బోరు వేసి చూసినచోట తెలుసు. రెండు బోర్ల మధ్య ఏముందో ఊహించుకోవాల్సిందే.

ఆ ఊహించే పని లెక్కలమ్మ రాసిన ప్రోగ్రాముది. సైట్‌లో అందరూ దాన్ని చిలక అంటారు. యంత్రం ఎంత ఒత్తిడితో మట్టిని ఆపాలో, ఎంత వేగంతో ముందుకు వెళ్లాలో అదే చెబుతుంది. చిలకకి ఒక్క బుర్ర కాదు. లోపల వందలాది చిన్న చిన్న అంచనాలు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా నేర్చుకున్నది. అన్నీ ఒకే మాట మీదుంటే తెర మీద పచ్చపట్టీ సన్నగా కనిపిస్తుంది. వాటిలో వాటికి పొసగకపోతే పట్టీ వెడల్పవుతుంది. ఆ వెడల్పే దాని సందేహం. ధైర్యంగా "నాకు తెలియదు" అనగలగడమే చిలకలోని మంచి గుణమని లెక్కలమ్మ అందరితో అనేది.

కాలవ వీధి దగ్గరకొచ్చేసరికి ఆ పట్టీ నెలల తరబడి అరచేతి వెడల్పున ఉండేది. ఈమధ్య ఉన్నట్టుండి దారప్పోగంత అయిపోయింది. నిన్నటిదాకా నసుగుతూ మాట్లాడిన మనిషి తెల్లారేసరికి గుండె మీద చెయ్యేసుకుని ఒట్టు పెట్టినట్టు. సైట్‌లో అందరూ సంబరపడ్డారు. ఆమె మాత్రం ఆ సంబరంలో కలవలేదు.

ఆమె తాళం వైపు మరోసారి చూసి మెట్లు దిగింది.

*

కొలతల విభాగం సైట్ ఆఫీసు వెనకున్న రేకుల గదిలో ఉంటుంది. లోపల చలి ఎక్కువ. పరికరాల కోసం పెట్టిన ఏసీ మనుషుల సంగతి పట్టించుకోదు. పొడవాటి బల్లల మీద మూతలు విప్పిన పెట్టెలు, సీసా మూతల్లో పోసుకున్న మరలు, వైర్ల చుట్టలు, కరిగిన సోల్డర్ వాసన. బావగారు స్వెట్టర్ వేసుకుని, భూతద్దం కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక పెట్టె అడుగున ఏదో గీకుతున్నారు. గోడ ఎంత వంగిందో కొలిచే టిల్ట్ మీటర్ అది. ఇటుక సగమంత ఉంటుంది. వీధిలో ప్రతి భవనం నేలమాళిగలోనూ అలాంటిదొకటి బిగించారు.

"సార్, మీతో మాట్లాడాలి" అంది లెక్కలమ్మ.

బావగారు తలెత్తారు. ఇంట్లో ఆమె ఆయన్ని బావా అంటుంది, ఆఫీసులో నలుగురి ముందు సార్ అంటుంది. గదిలో ఇప్పుడు ఆయన తప్ప ఎవరూ లేరు.

"సార్ అంటున్నావంటే కోపం వచ్చిందన్నమాట" అన్నారు నవ్వడానికి ప్రయత్నిస్తూ. "కూర్చో."

"అక్క ఎక్కడ?"

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ కిందపెట్టారు. "అమ్మకి దగ్గు తగ్గడం లేదు. దుమ్ము పడదన్నారు. కొన్నాళ్లు మా పిన్నివాళ్లింట్లో ఉండిరమ్మన్నాను."

"అత్తయ్యగారికి దగ్గు నా చిన్నప్పటినుంచీ ఉంది."

"ఇప్పుడు ఎక్కువైంది."

"ఎప్పటినుంచి? పట్టీ సన్నబడ్డప్పటినుంచా?"

బావగారు లేచి వెళ్లి తలుపు దగ్గరకి వేసి వచ్చారు. లెక్కలమ్మ మూసిన తలుపు వైపు చూసింది. మనసులో ఏమీ లేని మనిషి అయితే తలుపు వేయాల్సిన అవసరం ఏముంది?

"బావా, నేను మిమ్మల్ని దొంగ అనడానికి రాలేదు" అంది. అంటూనే తాను వచ్చింది అందుకేనని ఆమెకే తెలిసింది. "కానీ ఆ వీధిలో పెట్టెలన్నీ మీవి. వాటినుంచి వచ్చే అంకెలు మీవి. అవి ఏం చెబితే నా చిలక అది నమ్ముతుంది. అన్ని గోడలూ నిబ్బరంగా ఉన్నాయని చెప్పి, మీ గోడల మధ్యనుంచి మీవాళ్లని మాత్రం తప్పించారు. మిగతావాళ్ల సంగతేంటి? పైఅంతస్తులో పురిటికొచ్చిన పిల్ల ఉంది. కింద కుట్టుమిషన్లు పెట్టుకున్న ఆవిడ ఉంది. వాళ్లకి దగ్గు లేదనా?"

మాట కటువుగా వచ్చింది. బావగారి మొహం ఎర్రబడింది. ఆయన చటుక్కున కోప్పడే మనిషి కాదు. అక్క పెళ్లయిన కొత్తలో, ఈమె చదువు మానేస్తానని మొండికేస్తే, పక్కన కూర్చుని ఒక్కో లెక్కా చేయించింది ఆయనే. అలాంటి మనిషి ఇప్పుడు బల్లమీద అరచేత్తో ఒక్క చరుపు చరిచారు. మూతల్లోని మరలు ఎగిరిపడ్డాయి.

"నన్నడుగుతున్నావా? నువ్వా?" అన్నారు. "నెలల తరబడి తెలియదు తెలియదు అన్న ప్రోగ్రాము, ప్రాజెక్టు పెద్దాయన గడువు పెట్టిన వారంలోనే అన్నీ తెలిసినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. అది రాసింది నువ్వు. దాన్ని ముట్టుకునేది నువ్వు. నేనేమనుకోవాలి?"



"అనుకున్నాను" అన్నారాయన, ఈసారి గొంతు తగ్గించి. "మా మరదలు ఒత్తిడికి లొంగిపోయింది, పట్టీని చేత్తో సన్నం చేసింది అనుకున్నాను. అడిగితే అవునంటావేమోనని భయమేసింది. అడక్కుండా మీ అక్కని పంపించేశాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ పంపాను. అదీ సంగతి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తూ, పప్పు గిన్నె అటూ ఇటూ జరుపుకుంటూ, ఎదుటివాళ్లే వీధిని అమ్మేశారని లోలోపల అనుకున్న ఇద్దరు.

"నేను ముట్టుకోలేదు బావా" అంది ఆమె చివరికి.

"నా పెట్టెల జోలికి నేనూ వెళ్లలేదు."

"మరి సంతకం ఎందుకు పెట్టారు?"

"పెట్టెలు బాగానే ఉన్నాయని పెట్టాను. వీధి బాగుందని కాదు. ఆ రెండింటికీ తేడా ఉందని పెద్దాయనకి నాలుగుసార్లు చెప్పాను. సరే సరే అన్నాడు."

నమ్మాలా వద్దా అని లెక్కలమ్మ తనలో తాను తర్కించుకుంది. నమ్మాలనే ఉంది. నమ్మాలని ఉంది కాబట్టే జాగ్రత్తగా ఉండాలనీ అనిపించింది. లాప్‌టాప్ తెరిచి ఆయన ముందుకి జరిపింది.

"అయితే చూడండి. ఈ వీధిలో ఏడు భవనాలు. ఏడు గీతలు. మీ కళ్లకి ఏమైనా తేడాగా ఉందా?"

బావగారు కళ్లజోడు దించుకుని ముందుకి వంగారు. తెర మీద ఏడు గీతలు, ఏడు రంగుల్లో, కొద్దిగా లేస్తూ పడుతూ సాగుతున్నాయి. మామూలు మనిషికి గడ్డి పరకల్లా ఉంటాయి. ఆయన ఒక్కో గీతనీ మొదటినుంచి చివరిదాకా చూశారు. తర్వాత వేలితో తెర మీద చివరి రెండు గీతల్ని తట్టారు.

"ఇవి మూలమీది రెండు భవనాలు కదూ? పడమటి ముఖం ఇళ్లు?"

"అవును."

"ఎండ తగిలిన గోడ వేడెక్కి కాస్త సాగుతుంది. భవనం కాస్త అవతలివైపుకి వంగుతుంది. వెంట్రుకవాసి. తూర్పు ముఖం ఇళ్లు పొద్దున్న వంగుతాయి, పడమటివి సాయంత్రం. ఏ ఊళ్లో అయినా అంతే." ఆయన గొంతు మారింది. "వీటిని చూడు. పడమటి ఇళ్లు కూడా పొద్దున్నే వంగుతున్నాయి. అన్నీ ఒకేసారి, ఒకే మాదిరిగా. వీధి వీధంతా డ్రిల్లు చేస్తున్నట్టు!"

లెక్కలమ్మ తెర తన వైపు లాక్కుంది. ఇన్ని రోజులుగా ఆమె చూసింది గీతల సగటుని, పట్టీ వెడల్పుని, ఒత్తిడి అంకెల్ని. ఒక్కో ఇల్లూ ఏ వేళకి వంగుతుందన్నది ఆమె లెక్కలో లేని విషయం. ఆయన చెప్పిన మరుక్షణం మిగతాదంతా ఆమెకి తెలిసిపోయింది.

"అరువు" అంది.

"ఏంటి?"

"అరువు నియమం. ఏదైనా పెట్టె కాసేపు మూగబోతే, చిలక ఆగిపోకుండా, పక్క భవనం అంకెని అరువు తెచ్చుకుంటుంది. బ్యాటరీ మార్చేంతసేపు ఖాళీ రాకుండా పెట్టుకున్నది. అలా అరువు తెచ్చుకున్నప్పుడల్లా సందేహం పెరగాలి. పట్టీ వెడల్పు కావాలి. అదే దానికి కళ్లెం." ఆమె గబగబా ఏవో టైప్ చేసింది. "అసలు నడుస్తున్న చిలకని నేను ఇక్కడినుంచి ఆపలేను. నా దగ్గరున్న కాపీలో అరువు తీసేస్తాను. చూడండి."

మీట నొక్కింది.

తెర మీద ఒక గీత మాయమైంది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే ఒకదాని వెనక ఒకటి ఆరు గీతలు చెరిగిపోయాయి. ఒక్కటి మిగిలింది. దాని చుట్టూ ఉన్న పచ్చపట్టీ పైకీ కిందకీ ఉబ్బి, తెర అంచులు దాటి బయటికి పోయింది.

"ఆరు పెట్టెలు మూగవి" అంది లెక్కలమ్మ. "ఒక్కటే మాట్లాడుతోంది. మిగతా ఆరూ దాని మాటే వల్లిస్తున్నాయి. చిలకేమో ఏడుగురు చెప్పారు కాబట్టి నిజమే అనుకుంటోంది. అందుకే సందేహం పోయింది. కళ్లెం ఎవరో తీసేశారు బావా. పెట్టె మూగబోతే మీకు రావాల్సిన హెచ్చరిక కూడా ఆపేశారు."

"అందుకే నా తెర మీద కూడా అన్నీ పచ్చగానే ఉన్నాయి" అన్నారు బావగారు. ఆయన కుర్చీలోంచి లేచి కొక్కేనికున్న తాళాల గుత్తి తీశారు. "పద. వెళ్లి చూద్దాం."

మిగిలిన ఆ ఒక్క పెట్టె ఎవరి భవనంలోదని ఆయన అడగలేదు. లెక్కలమ్మ గమనించింది. గీత రంగుని బట్టి పోల్చుకుని ఉంటారని సర్దిచెప్పుకుంది. అది ఆయన సొంత భవనంలోది.

*

దారిలో నడుస్తూనే ఆమె పెద్దాయనకి ఫోన్ చేసింది. ఈ ప్రాజెక్టుకి పెద్ద తలకాయ ఆయనే. చిలకలోని నియమాల్ని మార్చే అధికారం ఇద్దరికే ఉంది. ఒకటి ఆమెకి, రెండోది ఆయనకి.

"సార్, యంత్రాన్ని ఆపాలి."

"ఎందుకమ్మా? మీ చిలక ఇంత నిబ్బరంగా ఎప్పుడూ లేదే!" అవతల నలుగురైదుగురి మాటలు, కప్పుల చప్పుడు. ఎవరో అతిథులున్నట్టున్నారు.

ఆమె చెప్పింది. అరువు, మూగ పెట్టెలు, తీసేసిన కళ్లెం. ఎవరు తీశారన్న మాట మాత్రం నోటిదాకా వచ్చినా మింగేసింది. పెద్దాయన మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా విన్నాడు. అదీ ఆమెకి నచ్చలేదు. మామూలుగా ఆయన ఎవర్నీ రెండో వాక్యం దాటనివ్వడు.

"నీ కాపీలో నువ్వేదైనా చూపించగలవు కదమ్మా" అన్నాడు మెత్తగా. "గాల్లో లెక్కలతో యంత్రాన్ని ఆపితే రేపు నన్ను అడుగుతారు. సగం దారిలో ఆపితే మట్టి బిగుసుకుని యంత్రం ఇరుక్కుపోవచ్చు, అదీ నీకు తెలుసు. గోడ మీద పెట్టె చూపించి మాట్లాడు. అప్పుడు నేనే ఆపిస్తాను."

ఆమె ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నాడు?"

"గోడ మీద పెట్టె చూపించమన్నాడు."

"చూపిద్దాం" అన్నారు బావగారు. కానీ ఆయన నడక ఎందుకో నెమ్మదించింది.

కాలవ వీధి ఎప్పటిలాగే ఉంది. బట్టలు ఆరేసిన బాల్కనీలు, గోడకి ఆనించిన సైకిళ్లు, కిటికీలోంచి ప్రెషర్ కుక్కర్ ఈలలు. కాళ్లకింద ఎక్కడో దూరంగా యంత్రం కదులుతోంది. చెవికి వినిపించదు. కుట్టుమిషన్ల గది బయట నీళ్ల బక్కెట్టులో మాత్రం పైన సన్నటి అలలు, ఎవరూ ముట్టుకోకుండానే.

బక్కెట్టు పక్కన నిలబడ్డ దర్జీ ఆవిడ వాళ్లిద్దర్నీ చూడగానే ఎదురొచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది, పెదాల మధ్య గుండుసూదులు. వాటిని తీసి రవిక అంచుకి గుచ్చుకుంటూ బావగారి మొహంలోకి చూసింది.

"మీవాళ్లు వెళ్లిపోయారట కదా బాబూ. నిన్నంతా వీధిలో ఇదే మాట. ఊరికే వెళ్లారా, వెళ్లాల్సి వెళ్లారా?"

"అమ్మకి దగ్గు..." అని మొదలుపెట్టిన బావగారు ఆగిపోయారు.

"మాకూ చెప్పండి" అందావిడ. అరవలేదు, నిష్ఠూరమాడలేదు. "మీరు చదువుకున్నోళ్లు, మీకు ముందే తెలుస్తుంది. మిషన్లు మోసుకెళ్లడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. వెళ్లాలంటే వెళ్తాం. అక్కర్లేదంటే పనిచేసుకుంటాం. ఏదో ఒకటి చెప్పండి."

బావగారు నేల చూపులు చూశారు. లెక్కలమ్మ ఆవిడ చేయి పట్టుకుంది.

"మిషన్లు అలా ఉండనీండమ్మా. మనుషులు మాత్రం ఇప్పుడే బయటికి రండి. పైన పురిటి పిల్లనీ, ఎదురింటావిణ్ణీ అందర్నీ దింపండి. పార్కు దగ్గర కూర్చోండి. ఎవరైనా అడిగితే నేనే చెప్పానని చెప్పండి."

"ప్రమాదమా?"

"తెలియదు" అంది లెక్కలమ్మ. "తెలియదు కాబట్టే రమ్మంటున్నాను."

దర్జీ ఆవిడ వెంటనే లోపలికి తిరిగి, "మిషన్లు ఆపండే, లేవండి!" అని కేకేసింది.

అక్క వాళ్ల భవనంలో నేలమాళిగ మెట్లు ఇరుగ్గా ఉన్నాయి. బావగారు టార్చి పట్టుకుని ముందు దిగారు. నీళ్ల మోటారు, విరిగిన కుర్చీలు, ఎవరో దాచుకున్న రంగు డబ్బాలు. మూలన పెద్ద స్తంభం. దాని మీద ఛాతీ ఎత్తున ఉండాలి పెట్టె.

టార్చి వెలుగు స్తంభం మీద పడి అక్కడే నిలిచిపోయింది.

పెట్టె లేదు. నాలుగు మరల కన్నాలు, వాటి మధ్య దుమ్ము పట్టని శుభ్రమైన చదరం. అంతే.

లెక్కలమ్మ ఫోన్ తీసి చూసింది. తెర మీద ఆ పెట్టె గీత ప్రశాంతంగా సాగుతూనే ఉంది. ఉన్న ఒక్క సాక్షి కూడా ఉండాల్సిన చోట లేదు. ఎక్కడో ఓ బల్ల మీదో, అటక మీదో కూర్చుని, వీధి మొత్తం నిబ్బరంగా ఉందని చెబుతోంది.

"బావా, ఇది ఊడదీయడానికి ఏం కావాలి?"

"ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్. మూడు మూలల తలకాయ ఉండే మరలు ఇవి. ఎవరూ విప్పకూడదనే అవి వాడాం."

"అది ఎవరి దగ్గరుంటుంది?"

ఆయన టార్చి వెలుగు నేలకి దించారు. చీకట్లో మొహం కనపడలేదు. "మా విభాగంలో" అన్నారు. "ఇంటికి కూడా ఒకటి తెచ్చుకున్నాను, అవసరానికి ఉంటుందని."

ఆమె ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే చేతిలో ఫోన్ కీచుమంది.

గీత కదిలింది. ఇన్ని రోజులుగా నిద్రపోయినట్టున్న గీత నిలువునా లేచి, పక్కకి పడి, మళ్లీ లేచింది. మరుక్షణం మిగతా ఆరు గీతలూ దాన్ని అనుకరిస్తూ అలాగే లేచి, అలాగే పడ్డాయి. తెర మీద ఏడు భవనాలు ఎర్రబడి ఒక్కసారిగా ఒరిగిపోయాయి. చిలక లెక్క ప్రకారం కాలవ వీధి మొత్తం నేల మీద పడుకుంది.

ఇద్దరూ అప్రయత్నంగా గోడలకేసి చూశారు. ఏదీ కదల్లేదు. పైనుంచి పిచ్చిక ఒకటి అరుస్తోంది.

ఫోన్ మోగింది. సొరంగంలోంచి యంత్రం నడిపే డ్రైవరు.

"లెక్కలమ్మా, ఏమైంది పైన? మీ చిలక ఒక్క అరుపు అరిచింది, యంత్రం దానంతటదే ఆగిపోయింది. ఇళ్లు పడ్డాయా?"

"పడలేదన్నా. ఒక్కటీ పడలేదు." ఆమె ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుంది. "ఎంత దూరంలో ఆగింది?"

"వీధి మొదట్లోనే. ఇంకా కిందికి రాలేదు."

"ఎవరు చెప్పినా కదపకండి. పెద్దాయన చెప్పినా సరే. ముందు ఒత్తిడి చూసుకోండి, తగ్గనివ్వకండి. నేను వచ్చేదాకా అలాగే ఉండనీండి."

"మీ మాటే మాట. ఉంచుతా" అన్నాడు డ్రైవరు.

లెక్కలమ్మ విరిగిన కుర్చీల్లో ఒకదాని అంచుమీద కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక్క పెట్టె అలా ఎగిరి ఉంటే చిలక దాన్ని నమ్మేది కాదు. పక్కవాళ్లు ఏమీ అనడం లేదు, ఇదేదో పొరపాటు అని కొట్టిపారేసేది. ఇప్పుడు ఏడూ ఒకే గొంతుతో అరిచాయి కాబట్టి నమ్మి యంత్రాన్ని ఆపేసింది. ప్రమాదాన్ని దాచిపెట్టడానికి ఎవరు ఆ అరువుకి కళ్లెం తీసేశారో, ఆ అరువే వాళ్ల పని చెడగొట్టింది.

"ఎవరో దాన్ని చేత్తో ఎత్తారు" అన్నారు బావగారు నెమ్మదిగా. "ఇప్పుడే, ఈ నిమిషంలో."

"ఎక్కడినుంచి?" ఆమె అప్పటికే ఫోన్‌లో వెతుకుతోంది. పెట్టె తాను ఎక్కడున్నదీ చెప్పదు. కానీ దాని మాటల్ని అందుకునే రిసీవర్లు భవనాల మీద బిగించి ఉంటాయి. ఏ రిసీవర్ గట్టిగా వింటే పెట్టె దానికి దగ్గర్లో ఉన్నట్టు.

ఆమె పైకి చూసింది. నేలమాళిగ కప్పువైపు, ఆ పైనున్న అంతస్తుల వైపు.

"ఇక్కడే. ఈ భవనంలోనే."

వాళ్లు మెట్లెక్కేసరికి జనం బిలబిలా కిందికి దిగుతున్నారు. పురిటి పిల్లను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని నడిపిస్తున్నారు. ఎదురింటావిడ మొక్కల కుండీ ఒకటి చంకన పెట్టుకుని దిగుతోంది. అందరికీ దారి ఇస్తూ, గోడకి అతుక్కుంటూ, వాళ్లిద్దరే పైకి వెళ్లారు. ఒక్కో అంతస్తు దాటుతుంటే ఫోన్‌లో సూచిక ఇంకాస్త బలంగా వెలిగింది.

అక్క ఇంటి ముందుకొచ్చి ఆగారు. పొద్దున వేలాడిన తాళం ఇప్పుడు లేదు.

"తాళంచెవి నా దగ్గరే ఉంది" అన్నారు బావగారు. జేబు తడుముకుని బయటికి తీసి చూపించారు కూడా. ఆయన నుదుటి మీద చెమట. "ఇంకో చెవి..."

ఆయన మాట పూర్తికాకముందే లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది.

అక్క! ప్రయాణపు చీర ఇంకా మార్చుకోలేదు. జుట్టు రేగి ఉంది. ఊరికి ఎంతో దూరంలో, అత్తగారికి మందులిస్తూ ఉండాల్సిన మనిషి. ఆమె రెండు చేతుల మధ్య, పసిబిడ్డని పట్టుకున్నట్టు, ఇటుక సగమంత పెట్టె.

"అక్కా! నువ్వెప్పుడొచ్చావు? ఇదెక్కడ దొరికింది?"

అక్క చెల్లెలి వైపు చూసింది. తర్వాత ఆమె భుజం మీదుగా వెనక నిలబడ్డ మొగుడి వైపు చూసింది. పాతికేళ్లుగా ఆ మనిషికి ఎదురు నిలబడి ఒక్క మాట అనని అక్క, తలుపుని ఇంకాస్త దగ్గరకి లాక్కుంది.

"నువ్వు లోపలికి రా బుజ్జీ" అంది. "ఆయన్ని మాత్రం బయటే ఉండమను."